చూరు నుండి కొప్పు వరకు



బెల్లంకొండలో మేము పరిచర్య చేయుచున్న సంఘమునకు ఒక పాత పెంకుటిల్లు మందిరముగా ఉండేది. దూలములను చెదలు తినివేసి, ఒక ప్రక్క గోడ బయటికి ఒరిగింది. లోపల పిల్లలు కూర్చుండగా ఏ ఆదివారము ఏమి జరుగునో అన్న భయముతో 2022 వేసవిలో, అంటే మన పల్నాడు వేరే జిల్లా అయిన కొద్ది వారములకు, సంఘపెద్దల తీర్మానముతో దానిని విప్పించాము. చేతిలో ఉన్న సొమ్ము కొత్త మందిరపు పునాదికి సరిపోయింది. తరువాత పని ఆగింది. ఆ పునాదిలో తుమ్మ మొక్కలు మొలిచాయి.

వేపచెట్టు క్రింద ఆరాధన జరుపుకున్నాము. పల్నాటి ఎండ సంగతి చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. కొండ మీది కోటగోడలు ఉదయము తొమ్మిదికే వేడిగాలిలో వణుకుతున్నట్లు కనబడతాయి. ప్రతి ఆదివారము టెంటు అద్దెకు తెచ్చే స్తోమత లేదు. రేకుల షెడ్డుకు లెక్క వేయిస్తే ఆ లెక్క చూసి పెద్దలందరూ మౌనముగా లేచి వెళ్ళారు.

మా సంఘములో ఒక తల్లి కుమారుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చినవాడు నోటుబుక్కులో ఒక బొమ్మ గీసి తెచ్చాడు. బొమ్మ నిండా త్రిభుజములే. పుచ్చకాయను సగానికి కోసి బోర్లించినట్లు ఉన్నది. దానిని జియోడెసిక్ డోము అంటారట.

“అయ్యగారూ, మధ్యలో ఒక్క నిట్రాడ కూడా ఉండదండి. ఇరవై అడుగుల వెడల్పు వస్తుంది. ఎక్కడ కూర్చున్నా మీరు కనబడతారండి,” అన్నాడు.

మేము కనబడుటకన్న, యాభై మంది నీడన కూర్చుంటారన్న మాట మాకు నచ్చింది. ఎవరికైనా ఉపయోగపడుతుందేమోనని కొలతలు వ్రాస్తున్నాము. అంగుళము జి.ఐ. పైపులు, ఇరవై అడుగులవి 22 కొన్నాము. వాటిని రెండు పొడవులుగా కోశాము. డోము వ్యాసార్ధము 10 అడుగులు. దానిని 0.618తో గుణిస్తే పొడుగు ముక్క, 0.5465తో గుణిస్తే పొట్టి ముక్క వస్తుంది. అనగా 6 అడుగుల 2 అంగుళములవి 35, 5 అడుగుల 6 అంగుళములవి 30. ఈ కొలత ఒక చివరి బోల్టు రంధ్రము నుండి రెండవ చివరి బోల్టు రంధ్రము వరకు. కనుక రంధ్రము అవతలి అంచుకు రెండు వైపులా ఒక్కొక్క అంగుళము కలిపి కోయాలి. చివరలను దిమ్మె మీద సమ్మెటతో చప్పగా కొట్టి, రంధ్రము చేసి, 26 చోట్ల బోల్టులతో బిగించాము. మూడు శనివారములు కోతకు పట్టింది, నిలబెట్టుటకు ఒక్క సాయంకాలము చాలింది. యౌవనస్థులు ఎనిమిది మంది ఎక్కి వ్రేలాడినా అది చలించలేదు. సండే స్కూలు పిల్లలు దానికి కోళ్ళగంప అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది.

గంప సిద్ధమైంది గాని, దాని మీద కప్పు సంగతి ఎవరమూ ఆలోచించలేదు. పట్టా పడేస్తే సరిపోతుంది అనుకున్నాము.

ఒకరి ఇంట్లోని పెద్ద పట్టా అడిగి తెచ్చి పైన వేసి, చుట్టూ త్రాళ్ళతో లాగి కట్టాము. చదునైన పట్టా గుండ్రని దాని మీద కూర్చోదు. ఎక్కడ చూసినా మడతలే. జూన్ నెలలో మొదటి వాన ఆరాధన మధ్యలో వచ్చింది. మడతలన్నీ కాలువలయ్యాయి. పైభాగము కొంచెము చదునుగా ఉండుట వలన అక్కడ నీరు నిలిచి, పట్టా దూడ కడుపువలె లోపలికి దిగింది. ఒక అన్న కర్రతో పైకి ఎత్తబోగా బోల్టు మొన గ్రుచ్చుకొని అంతా ఒక్కసారిగా దిగింది. ప్రభురాత్రి భోజనపు బల్ల మీద పరచిన తెల్లని గుడ్డ మీదనే దిగింది. ఆ దినమున బల్ల ఇవ్వలేకపోయాము.

రెండవసారి పట్టుదలగా చేశాము. విద్యార్థి లెక్క ప్రకారము 40 త్రిభుజములు కోయించి, టైలరుచేత మిషను మీద కుట్టించాము. అతడు పదిహేను రోజులు కష్టపడ్డాడు. తొడిగినప్పుడు కొలిచి చేసిన చొక్కావలె అంటుకున్నది. ఊరి వారందరూ వచ్చి చూశారు. మేము కూడ, ఒప్పుకొనవలసినదే, కొంత అతిశయపడ్డాము. ప్రక్క ఊరి పాస్టరుగారికి కబురు కూడ పంపాము.

ఆ వానకు సూది దిగిన ప్రతి రంధ్రమునుండి ఒక చుక్క వచ్చింది. నలభై త్రిభుజముల కుట్లలో సూది ఎన్ని వేల సార్లు దిగి ఉంటుంది! ధారగా కారితే గిన్నె పెట్టవచ్చును. ఇది అంతటా చెమట పట్టినట్లు కారింది. కుట్ల మీద జిగురు పూశాము. ఈ పట్టాలు పాలిథీను అల్లికకు రెండు వైపులా పాలిథీను పొర వేసి చేసినవి. పాలిథీనుకు మామూలు జిగురులు పట్టవు. ఎండగానే పొలుసులుగా ఊడి పిల్లల తలల మీద రాలింది. ఒకరు తారు కాచి పూద్దాము అన్నారు.

తారు మాట విని విద్యార్థి తన ఫోనులో ఒక సంగతి చదివి వినిపించాడు. అమెరికాలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే ఆయన ఈ డోములకు పేరు తెచ్చి 1954లో పేటెంటు పొందాడు. అంతకు ముందే 1920లలో జర్మనీలోని యేనా పట్టణములో వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ అనే ఇంజనీరు నక్షత్రశాల కొరకు ఇటువంటిదే కట్టాడట. ఫుల్లరుగారు 1953లో ఫోర్డు మోటారు కంపెనీవారి రొటండా అనే భవనము మీద ఒక డోము నిలిపారు. దాని కప్పునకు నీరు దిగకుండ 1962 నవంబరులో పనివారు తారు వేడిచేసి పూస్తుండగా నిప్పంటుకొని ఆ భవనము కాలిపోయింది. 1967లో కెనడాలోని మాంట్రియల్ ప్రదర్శనకు ఆయన 250 అడుగుల వ్యాసముగల మహా డోము కట్టారు. దాని మీది అక్రిలిక్ కప్పు 1976లో మరమ్మతుల వెల్డింగు నిప్పురవ్వలకు అంటుకొని పూర్తిగా పోయింది. ఇనుప చట్రము మాత్రము నేటికీ నిలిచి ఉన్నది. లాయిడ్ కాన్ అనే మరొకరు డోములు కట్టుకొనుటను గురించి 1970, 71లలో రెండు పుస్తకములు వేసి వేలాది మందికి నేర్పి, చివరికి ఇవి కారుట మానవని తానే ఒప్పుకొని ఆ పుస్తకముల ముద్రణ ఆపివేశాడట.

అది విని కొంత ఓదార్పు, కొంత భయము కలిగాయి. తారు ఆలోచన విడిచిపెట్టాము. ఆ యేడు క్రిస్మస్‌కు కొవ్వొత్తులు కూడ డోము బయటనే వెలిగించుకున్నాము. పాలిథీను క్రింద నిప్పు పెట్టకూడదు.

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. పులిచింతల ప్రాజెక్టులో మునిగిన ఊళ్ళలో ఒకదానినుండి వచ్చినవారు. వయసులో ఉండగా తాటాకు, బోదగడ్డితో ఇళ్ళు కప్పుట ఆయన పని. 1849లో ఫాదర్ హయ్యరుగారు గురజాలకు వచ్చిన కాలమునుండి ఈ పల్నాటిలో సువార్త ఎన్ని పూరిపాకలలో వినబడిందో! అటువంటి పాకలు కప్పిన చేయి అది. ఈ ఆరు నెలలూ ఆయన వచ్చి, చాప మీద చివర కూర్చొని, తడిసి, లేచి వెళ్ళిపోయేవారు. ఒక్క మాట అనలేదు. మేమూ ఆయనను ఒక్క మాట అడగలేదు. చదువుకున్న పిల్లవాడు ఉన్నాడు, డిప్లొమా చదివిన మేము ఉన్నాము, ఇక ఆయనను అడుగుట ఎందుకు అన్నట్లు ఉన్నది మా వరుస.

జనవరిలో ఒక సాయంకాలము మేమే ఆయన ఇంటికి వెళ్ళి అడిగాము. ఆయన నవ్వారు.

“ఇదేమి కొత్తదండీ అయ్యగారూ, చుట్టిల్లే గదా. మీరు చొక్కా కుట్టినట్టు కుట్టారు. ఇంటిని కుట్టకూడదండి, కప్పాలి. చూరు కాడ మొదలుపెట్టి కొప్పుకు పోవాలి. కింద వరుస మీదికి పై వరుస జానెడు దిగాలి. నీళ్ళను ఆపుదామని చూస్తే అవి ఆగవు. వాటి దారిన వాటిని దించాలి.”

“మరి అడ్డకుట్లు?” అని విద్యార్థి అడిగాడు.

“అడ్డకుట్టు అసలు వద్దు నాయనా. నిలువుకుట్టు అయితే నీళ్ళు దాని వెంబడి జారిపోతాయి. అడ్డకుట్టు మీద నిలబడి లోపలికి తొంగి చూస్తాయి.”

ఇంటికి వచ్చి నిర్గమకాండము 26వ అధ్యాయము తెరిచాము. ప్రత్యక్షపు గుడారమును గూర్చి మేము ఎన్నిసార్లు ప్రసంగించామో! నాలుగు కప్పులకు నాలుగు ఆత్మీయ భావములు చెప్పేవారము. లోపలి సన్ననార తెరలు 28 మూరలు, వాటి మీది మేకవెండ్రుకల తెరలు 30 మూరలు అని చదివినప్పుడెల్లా ఆ సంఖ్యలను దాటి వెళ్ళిపోయాము. ఆ రెండు మూరల తేడా ఈ ప్రక్క ఒక మూర, ఆ ప్రక్క ఒక మూర వ్రేలాడి లోపలి దానిని కప్పుటకని పదమూడవ వచనములోనే ఉన్నది. దాని మీద పొట్టేళ్ళ తోళ్ళు, ఆ మీద సముద్రవత్సల తోళ్ళు. పైది క్రింది దాని మీదికి దిగుట. పెద్దాయన చెప్పినది అదే. ఆయనకు చదువు రాదు. అపొస్తలుల కార్యములు 18లో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టిన పౌలు ఆ వచనమును మావలె దాటి వెళ్ళి ఉండడు అనుకున్నాము.

కొత్త పట్టాలు కొనవలసి వచ్చింది. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు కానుకలు అమ్మి, మిగిలినది సంఘపు పెట్టెలోనుండి తీసి, 24 అడుగులు, 18 అడుగుల మందపాటి పట్టాలు రెండు తెచ్చాము. ఇక కోయుదుమనుకొని మా వరండాలో పెట్టుకున్నాము. అది 2023 మార్చి నెల. అకాల వర్షములు మొదలైనవి.

మా మందిరపు స్థలము ప్రక్కనే ఒక కౌలురైతు కల్లము ఉన్నది. అతడు మా సంఘస్థుడు కాడు. హద్దురాయి విషయములో మాతో ఒకసారి మాట పట్టింపు వచ్చినవాడు. ఆ యేట మిరపకు మంచి ధర ఉన్నది. కాయ అంతా కల్లములో ఎర్రగా పరచి ఉన్నది. రాత్రి తొమ్మిదింటికి మా గడప ముందు నిలబడ్డాడు.

“అయ్యగారూ, మీ దగ్గర కొత్త పట్టాలు ఉన్నాయంట గదా. నా బరకాలు సగానికే వచ్చినయ్యి. మూడు రోజులు ఇప్పించండి.”

మేము, “అవి కానుకల సొమ్ముతో కొన్నవి, సంఘపెద్దలను అడగవలెను గదా,” అన్నాము. ఆ మాట నిజమే. కాని మా మనస్సులో ఉన్నది ఆ మాట కాదు. ఇంకొకసారి చిరిగితే, తడిస్తే, మూడవ ఆదివారము కూడ మేము నవ్వులపాలగుదుమే అన్నది మా మనస్సులో ఉన్నది. అతడు బతిమాలలేదు. కొండవైపు మెరుస్తున్నది. అటు చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో మా సహధర్మచారిణి వరండాలోనుండి ఒక పట్టా ఈడ్చుకొని వచ్చింది.

“మన పట్టా తడిస్తే ఆరుతుంది. ఆయన కాయ తడిస్తే తాలు అవుతుంది. రెండోది మీరు పట్టండి,” అన్నది మాతో.

పట్టాము. మాతోపాటు మా పిల్లలు కూడ వచ్చారు. ఆ రాత్రి కల్లములో నలుగురము మోకాళ్ళ మీద ప్రాకుచు అంచులకు రాళ్ళు పెట్టాము. చేతులు, ముఖము రెండు రోజులు మండాయి.

కాయ అంతా దక్కలేదు. రెండవ దినమున నీరు అడుగునుండి వచ్చి కొంత తాలు అయింది. పట్టాలలో ఒకదానికి మూరెడు చిరుగు పడి వచ్చింది. అడగకుండ ఇచ్చినందుకు సంఘపెద్దలలో ఇద్దరు మా మీద కోపగించారు. దేవుని సొమ్మును గూర్చి పెద్దలకు లెక్క చెప్పవలసినవారము మేమే, కనుక వారి మాటలో న్యాయమున్నది. కమిటీలో నిలబడి క్షమాపణ అడిగాము. చిరిగిన పట్టా ఖరీదులో కొంత ఆ రైతు తరువాత తెచ్చి ఇచ్చాడు. ఆ పెద్దలలో ఒకరు ఇప్పటికీ లెక్కలు చదివేటప్పుడు ఆ మాట ఎత్తుతారు.

పట్టాలను రెండుసార్లు నీళ్ళలో జాడించి, ఏప్రిల్ నెలలో పని మొదలుపెట్టాము. పెద్దాయన నులకమంచము తెచ్చుకొని వేపచెట్టు క్రింద కూర్చున్నారు. డోములో త్రిభుజములు మూడు వరుసలుగా వస్తాయి. క్రింద 20, నడుమ 15, పైన 5. క్రింది వరుసను చూరుగా ముందు కట్టాము. దానికి పాత పట్టాల ముక్కలే వాడాము, అక్కడ నిట్టనిలువుగా ఉండును గనుక నీరు నిలువదు. నడిమి వరుసకు కొత్త పట్టా. అది క్రింది వరుస మీదికి జానెడు దిగునట్లు వదిలాము. వరుసకు వరుసకు మధ్య కుట్టు లేనే లేదు. లోపలినుండి గుడ్డ పట్టీలతో పైపులకు ముడివేశాము, అంతే.

నిలువుకుట్లు మా సంఘములోని స్త్రీలు దబ్బనముతో కుట్టారు. మిరపకాయల బస్తాలు కుట్టి కుట్టి వారి చేతులకు అలవాటు. రెండు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి కుట్టి, ఆ కుట్టు మీద పట్టా పీలికను వేసి అంటించాము. జిగురుతో కాదు, ఇస్త్రీపెట్టెతో. కిరాణా కొట్లలో కొవ్వొత్తి మంట మీద ప్లాస్టిక్ సంచి మూతి అంటించుట చూచినవారికి ఇది అర్థమగును. పాలిథీను పాలిథీనుకే కరిగి అతుకుతుంది. మధ్యన పలుచని నూలుగుడ్డ వేసి, మెల్లగా జరుపుచు పోవలెను. ఆగితే రంధ్రమే. మొదటి మూడు ముక్కలు మేము కాల్చివేశాము. ఆరుబయటనే చేయవలెను, ఆ పొగ మంచిది కాదు.

పైభాగము విద్యార్థి తెలివి. అయిదు త్రిభుజములు విడివిడిగా కోయనక్కరలేదన్నాడు. ఒకే గుండ్రని ముక్క తీసుకొని, అంచునుండి నడిమికి పుచ్చకాయ బద్దవలె సన్నని చీలిక తీసి, ఆ రెండు అంచులు కలిపితే గొడుగువలె లేచింది. ఒక్కటే అతుకు. పెద్దాయన ఆ ముక్కను చేతితో నిమిరి, “కొప్పు బాగా కుదిరింది నాయనా,” అన్నారు. ఆ పిల్లవాడు ఆ దినమంతా ఎవరితోనూ మాట్లాడలేదు, అంత సంతోషించాడు. బోల్టుల తలల మీద పాత సైకిలు ట్యూబు ముక్కలు కట్టాము. ఎండకు ఈ పట్టా పెళుసవుతుంది. రెండు వేసవులకు దక్షిణపు చూరు చేతితో నొక్కితే పగిలింది. కాని ఆ ముక్క ఒక్కటే విప్పి మార్చుకున్నాము, మిగిలినది కదల్చలేదు.

కొత్త కప్పు క్రింద మొదటి ఆరాధనకు అందరము కూడాము. తలుపు తెర దించగానే మిరపఘాటు లేచింది. రెండుసార్లు కడిగినా పోలేదు. ప్రార్థన చేయుచున్న పెద్దకు దగ్గు వచ్చింది, ఆయన ఆపితే మరొకరు అందుకొని, వారికీ దగ్గు వచ్చి, చివరికి పిల్లలు ఆమేన్ అని ముగించారు.

చలికాలములో మరొక చిక్కు వచ్చింది. వాన లేకుండగనే తెల్లవారుజాము ప్రార్థనలో తలల మీద చుక్కలు పడ్డాయి. మళ్ళీ కారుతున్నదని దిగులుపడ్డాము. అది వాన కాదు, యాభై మంది ఊపిరి. వెచ్చని ఆవిరి పైకి లేచి చల్లని పట్టాకు తగిలి నీరవుతున్నది. పెద్దాయన చెప్పగా కొప్పు ముక్కను క్రింది వరుస మీదనుండి నాలుగు వ్రేళ్ళ ఎత్తు లేపి, సందులలో వెదురు ముక్కలు పెట్టాము. జానెడు క్రిందికి దిగి ఉన్నందున వాన రాదు, ఆవిరి పోతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటింది. ముందు రోజునుండే మాకు వాన, గాలి. చట్రమును నేలకు మేకులు దిగవేసి, చుట్టూ ఇసుక బస్తాలు పెట్టాము. ఇండ్లు కారుచున్న మూడు కుటుంబములవారు పిల్లలతో వచ్చి డోములో పడుకున్నారు. మేము నిద్రపోలేదు. గాలి వచ్చినప్పుడు కప్పు ఒక్కసారి ఊపిరి పీల్చినట్లు లోపలికి వచ్చి మళ్ళీ బిగిసేది. మా కన్నులు కుట్ల వెంబడే ఉన్నవి.

రాత్రి రెండు గంటలకు పెద్దాయన గోనెసంచి కొప్పెర వేసుకొని వచ్చారు. టార్చి లైటు తీసుకొని, పడుకున్న పిల్లలను దాటుకొనుచు, ఒక్కొక్క కుట్టును చేతితో తడిమి చూశారు. చూరు వరుస అంతా చుట్టి వచ్చి, నడిమి వరుసకు లైటు వేసి, కొప్పు వైపు చాలాసేపు చూశారు. పొడిగా ఉన్నది. తలుపు ప్రక్కన మాత్రము ఆయన చేయి ఆగింది. అక్కడ సన్నగా కారుచున్నది.

“ఈ కుట్టు ఎవరిదండీ అయ్యగారూ?” అని అడిగారు.

అది మేము కుట్టినదే.